బొమ్మకు జవాబు ఇవ్వండి

ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే మా భవిత సెంటరుకు ఏడేళ్ల బాబు ఒకడు వచ్చేవాడు. ఆటిజం. నోట మాట లేదు, పిలిస్తే తిరిగి చూడడం కూడా అరుదు. కానీ భుజాన సంచి దింపీ దింపగానే పలక అందుకుని బస్సు గీసేవాడు. ఎప్పుడూ అదే బస్సు, పల్లెవెలుగు. ఆరు కిటికీలు, రెండు చక్రాలు, వెనక నిచ్చెన. గీయడం అయ్యాక పలక నా వైపు తిప్పేవాడు. నేను "సూపర్ నాన్నా!" అని చప్పట్లు కొట్టి, పలక మూలన ఒక నక్షత్రం వేసేదాన్ని. వాడు ఆ నక్షత్రాన్ని బొటనవేలితో తుడిచేసి, పలక మళ్లీ నా ముఖం ముందు పెట్టేవాడు. నేను మళ్లీ మెచ్చుకునేదాన్ని. జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి దసరా సెలవుల దాకా ఇదే వరస.

సెలవులయ్యాక ఓ సోమవారం వాళ్లమ్మ నా పక్కనే కూర్చుని ఉండగా వాడు పలక చూపించాడు. ఆవిడ ఒక్క చూపు చూసి, "ఇవాళ సీటు దొరకలేదు మేడం, నిలబడే వచ్చాం. అందుకే కిటికీలో వాడు లేడు" అన్నది. నాకు అర్థం కాలేదు. "ఎక్కడ లేడమ్మా?" అన్నాను. "సీటు దొరికిన రోజు మూడో కిటికీలో సున్నా పెడతాడు కదా. మీకు తెలుసనుకున్నా" అన్నది.

ఫోన్లో తీసి పెట్టుకున్న పలక ఫొటోలన్నీ వెనక్కి జరుపుకుంటూ చూశాను. కొన్నింటిలో మూడో కిటికీలో చిన్న సున్నా ఉంది, కొన్నింటిలో లేదు. నా రికార్డు పుస్తకం తెరిచి తేదీలు సరిచూశాను. "తల గోడకు కొట్టుకున్నాడు" అని నేను రాసుకున్న రోజుల్లో చాలావరకు సున్నా లేని రోజులే. పొద్దున ఏం జరిగిందో వాడు నాలుగు నెలలుగా రోజూ చెబుతున్నాడు, నేను రోజూ మార్కులు వేస్తున్నాను.

మర్నాడు వాడి బస్సు పక్కనే నేనో బస్సు గీశాను. కిటికీలో కాకుండా సీట్ల మధ్య దారిలో ఒక సున్నా పెట్టి, కింద రెండు కాళ్లు గీసి, "నిలబడ్డావు" అని ఆగాను. వాడు బలపం లాక్కుని, అది విరిగిపోయేటంత గట్టిగా ఆ సున్నాను తెల్లగా నింపాడు. తర్వాత వచ్చి నా మోకాలికి ఆనుకుని కూర్చున్నాడు. తల కొట్టుకోవడం ఆ రోజుతో ఆగిపోయిందని చెప్పను, ఆగలేదు. కానీ వాళ్లమ్మ పావుగంట ముందే ఇంట్లో బయల్దేరి, బస్సు మొదలయ్యే స్టాండు దాకా వెనక్కి నడిచి అక్కడే ఎక్కడం మొదలుపెట్టింది. తల కొట్టుకోవడం ఆ ఏడాది చివరికి వారానికి నాలుగైదు సార్ల నుంచి నెలకు ఒకటి రెండు సార్లకు వచ్చింది.

అంగన్‌వాడీ టీచర్లకు, ప్రాథమిక పాఠశాలలో నలభై మంది మధ్య ఇలాంటి బిడ్డ ఒకరున్న ఉపాధ్యాయులకు, ప్రత్యేక అవసరాల పిల్లలకు బోధించడానికి కొత్తగా చేరిన ఐఈఆర్‌పీలకు, డ్యూటీ దిగి ఇంటికొచ్చాక గంటో అరగంటో మాత్రమే దొరికే అమ్మానాన్నలకు ఇది రాస్తున్నాను. పదహారేళ్ల ఈ పనిలో నాకు బాగా అర్థమైన సంగతి ఒకటుంది. ఆటిజం ఉన్న బిడ్డ బొమ్మ గీసి చూపిస్తే అది చాలాసార్లు డ్రాయింగు క్లాసు కాదు, మాట. మాటను మెచ్చుకోం, జవాబు చెబుతాం. "అన్నం పెట్టు" అని బిడ్డ అడిగితే "ఎంత బాగా పలికావో" అని నక్షత్రం ఇచ్చి పంపేస్తామా?

బొమ్మ ఎందుకు పనిచేస్తుందో ముందు తెలుసుకోవాలి. మాట నోట్లోంచి రాగానే గాలిలో కలిసిపోతుంది. విన్నదాన్ని పట్టుకుని, అర్థం చేసుకుని, జవాబు వెతుక్కునేలోపు మనం మూడో వాక్యంలో ఉంటాం. పలక మీది గీత ఎక్కడికీ పోదు. బిడ్డ తనకు కావలసినంత సేపు చూస్తాడు, పక్కకు వెళ్లి మళ్లీ వచ్చి చూస్తాడు. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాల్సిన పని కూడా లేదు, ఇద్దరి చూపూ కాగితం మీదే ఉంటుంది. ముఖం చూస్తూ వినడమే కష్టమయ్యే పిల్లలకు ఇది ఎంత తేలికో పక్కన కూర్చుంటే తెలుస్తుంది. ఇంకొకటి, మన సెంటర్లకు వచ్చే పిల్లల్లో ఇంట్లో లంబాడీయో కోయో ఉర్దూనో మాట్లాడేవాళ్లు తక్కువేం కాదు. బడిలో తెలుగు, ఇంగ్లీషు. మాటే కష్టమైన బిడ్డ మీద మూడు భాషలు పడతాయి. స్టీలు గ్లాసు బొమ్మ మాత్రం మూడిళ్లలోనూ స్టీలు గ్లాసే.

అయితే ఆటిజం అనగానే గొప్ప చిత్రకారుడని ఆశపడొద్దు. లండన్‌లో 1974లో పుట్టిన స్టీఫెన్ విల్ట్‌షైర్ గురించి చాలామంది వినే ఉంటారు. హెలికాప్టరులో కాసేపు తిరిగొచ్చి, 2005లో టోక్యో నగరాన్ని జ్ఞాపకంతోనే పది మీటర్ల కాన్వాసు మీద గీశాడు. చిన్నప్పుడు ఆయనకు మాట లేదు. బడిలో టీచర్లు మాట రప్పించాలని కొన్నాళ్లు గీసుకునే సామాను తీసేసుకుంటే, ఆయన పలికిన మొదటి మాట "పేపర్" అట. ఈ కథను మనవాళ్లు శిక్షణల్లో విజయగాథగా చెబుతారు. నాకు అది వింటే గుండె బరువెక్కుతుంది. బిడ్డకున్న ఒకే ఒక్క భాషను లాక్కుని, మన భాషలో అడిగితేనే తిరిగిస్తామనడం అది. ఒక విల్ట్‌షైర్ "పేపర్" అన్నాడు. మన దగ్గర పలక లాక్కుంటే నోరు తెరవకుండా చెయ్యి కొరుక్కునే పిల్లలను నేను చూశాను. దయచేసి శిక్షగా గానీ బేరంగా గానీ పలక దాచకండి.

ఒక అమ్మాయి కథ దీనికి ఎదురుగా నిలుస్తుంది. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1967లో పుట్టిన నదియా. మూడున్నర ఏళ్లకే పరిగెత్తే గుర్రాలను పెద్ద చిత్రకారులకు దీటుగా గీసింది. లోర్నా సెల్ఫ్ అనే మనస్తత్వవేత్త 1977లో ఆమె గురించి పుస్తకమే రాశారు. గీసే నేర్పు అంత ఉన్నా, ఆకలేస్తోందనో భయమేస్తోందనో చెప్పడానికి ఆ గుర్రాలు నదియాకు ఉపయోగపడలేదు. అందంగా గీయడం వేరు, గీసి చెప్పడం వేరు. మీ బిడ్డ గీసింది వంకర సున్నాయే కావచ్చు, దాన్ని తెచ్చి మీ చేతిలో పెడుతున్నాడా లేదా అన్నది చూడండి. అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ 1985లో తయారుచేసిన పెక్స్ పద్ధతిలో మొదటి మెట్టు ఇదే. బొమ్మ పేరు చెప్పడం కాదు, బొమ్మను తీసుకెళ్లి ఎదుటి మనిషికి ఇవ్వడం. ఇస్తే వస్తువు వస్తుంది. ఎదుట ఒక మనిషి ఉన్నాడనీ, అతనికి చెబితే జరుగుతుందనీ బిడ్డకు తెలియడం అక్కడ మొదలవుతుంది.

ఆటిజం ఉన్న పిల్లలందరూ బొమ్మల్లోనే ఆలోచిస్తారన్నది కూడా నిజం కాదు. ఆ మాట ప్రచారం కావడానికి కారణం 1995లో వచ్చిన టెంపుల్ గ్రాండిన్ పుస్తకం. తర్వాత ఆమే, అందరూ తనలా ఆలోచించరని సరిదిద్దుకున్నారు. కొందరికి పాట దారి, కొందరికి అక్షరాలు. రెండు నెలలు ప్రయత్నించినా బొమ్మ వైపు చూడని బిడ్డను బొమ్మతో సతాయించకండి.

ఇక పని. మొదట గీయాల్సింది బిడ్డ కాదు, మీరు.

"నాకు డ్రాయింగు రాదు మేడం" అని శిక్షణలో ప్రతి బ్యాచిలోనూ సగం మంది అంటారు. రావాల్సిన పని లేదు. సున్నా తల, ఐదు గీతలు ఒళ్లు, అంతే మనిషి. బాగా వచ్చినవాళ్లు నీడలు, అలంకారాలు పెట్టి ఆలస్యం చేస్తారు, బిడ్డ లేచి వెళ్లిపోతాడు. గీస్తున్నంతసేపూ నోటితో ఒక్కో మాటే చెప్పండి. గ్లాసు గీస్తూ "గ్లాసు". లోపల అలలు గీస్తూ "నీళ్లు". తర్వాత బలపం బల్ల మీద పెట్టి మనసులో పది లెక్కపెట్టండి. మన వృత్తిలో అన్నిటికన్నా కష్టం ఈ పది లెక్కపెట్టడమే. నాలుగు దాటగానే నోరు ఊరుకోదు, "ఏంటిది? చెప్పు, చెప్పు" అంటుంది. మనం ఆగిన ఆ చోటే బిడ్డకు వంతు దొరుకుతుంది.

గీసినదాన్ని వస్తువుగా గుర్తుపడుతున్నాడో లేదో ముందు చూసుకోవాలి. గీతల గ్లాసును చూసి అసలు గ్లాసు అనుకోవడం మనకు సహజం, అందరికీ కాదు. బల్ల మీద గ్లాసు, స్పూను పెట్టి, గ్లాసు గీసి చూపించండి. చెయ్యి గ్లాసు మీదకు వెళ్తే గీతలతో మొదలుపెట్టొచ్చు. వెళ్లకపోతే ఇంకా వస్తువులతోనే నడపండి. నీళ్లు కావాలంటే ఖాళీ గ్లాసు తెచ్చివ్వడం, బయటికి పోవాలంటే చెప్పు తెచ్చివ్వడం. ఆ తర్వాత ఫోన్లో తీసిన ఫొటో, ఆ తర్వాత రంగుబొమ్మ, చివర గీత. ఈ మెట్లు దాటించాలనే తొందరలో మూడు నెలలు పోగొట్టుకున్న టీచర్లను చూశాను, వారిలో నేనూ ఉన్నాను.

సామాను గురించి నాలుగు మాటలు. పలక నాకు ఇష్టం, ఎందుకంటే తప్పు ఉండిపోదు, తుడిస్తే పోతుంది. కానీ బలపం కీచుమనే చప్పుడుకు చెవులు మూసుకునే పిల్లలున్నారు. సుద్దపొడి వేళ్లకు అంటితే ఏడ్చేవాళ్లున్నారు. స్కెచ్ పెన్నుల వాసన పడనివాళ్లున్నారు, అదే వాసన కోసం పెన్ను ముక్కులో పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. పెన్సిలు పట్టు లేని చేతికి పళ్లెంలో ఇసుకో బియ్యప్పిండో పోసి వేలితో గీయనివ్వండి. వాకిట్లో అమ్మ ముగ్గేస్తుంటే చుక్కల వెంట వేలు పోనిచ్చే పిల్లలను మా సెంటరులో ముగ్గురిని చూశాను, వాళ్లకు పిండే పలకైంది. నోట్లో పెట్టుకునే పిల్లలకు మాత్రం ఇసుక, సుద్ద వద్దు.

మనకు చిన్నప్పటి నుంచీ ఒంటబట్టిన అలవాటు ఒకటి ఈ పనికి అడ్డం వస్తుంది. ఓనమాలు చెయ్యి పట్టి దిద్దించడం. అక్షరాభ్యాసం అంటేనే బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, వేలు పట్టుకుని బియ్యంలో రాయించడం. అక్షరాలకు ఆ పద్ధతి మంచిదా కాదా అన్న చర్చ వేరు. మాటలాడే బొమ్మకు మాత్రం అది పనికిరాదు. మీరు చెయ్యి పట్టుకుని గీయిస్తే కాగితం మీద పడేది మీ మాట, బిడ్డది కాదు. దీనికి చాలా బాధాకరమైన చరిత్ర ఉంది. ఆస్ట్రేలియాలో 1970లలో మొదలై 1990 తర్వాత అమెరికాలో అల్లుకుపోయిన ఒక పద్ధతిలో, సహాయకులు ఆటిజం ఉన్నవారి చేతిని పట్టుకుని అక్షరాల బోర్డు మీద టైపు చేయించేవారు. మాటే రాని పిల్లలు కవితలు రాస్తున్నారని తల్లిదండ్రులు సంతోషంతో ఏడ్చారు. న్యూయార్క్ రాష్ట్రంలో 12 మందితో చేసి 1993లో ప్రకటించిన పరీక్షలో సహాయకుడికి ఒక బొమ్మ, టైపు చేసే వ్యక్తికి వేరే బొమ్మ చూపించారు. టైపయిన జవాబు ఆ వ్యక్తి చూసింది ఒక్కసారి కూడా కాలేదు. సరైన బొమ్మ పేరు పడ్డప్పుడల్లా అది సహాయకుడు చూసిన బొమ్మదే. ఆ సహాయకులు మోసగాళ్లు కారు, తమ చెయ్యి కదులుతోందని వాళ్లకే తెలియదు. మనకూ తెలియదు. అందుకే పలక పట్టుకోండి, కాగితం కదలకుండా అదిమిపట్టండి, బిడ్డ చేతిని మాత్రం వదిలేయండి. గీత రాకపోతే రానీయండి.

చెయ్యి పట్టకుండా గీయించే ఉపాయం ఒకటి చెబుతాను. బిడ్డకు బాగా తెలిసిన వస్తువును సగం గీసి వదిలేయండి. ఒక చక్రం లేని సైకిలు. ఒక రెక్క తక్కువైన ఫ్యాను. ఒక కన్నే ఉన్న పిల్లి. గీసి, బలపం బిడ్డకు అందేలా పెట్టి, మళ్లీ పది. తక్కువైనది చూస్తే ఊరుకోలేని పిల్లలు ఆటిజం ఉన్నవారిలో చాలామంది ఉంటారు. చక్రం పడగానే "వహ్వా" అనకండి. "ఆఁ, చక్రం! ఇప్పుడు పోతుంది" అని సైకిలును ఇంకో గీతతో ముందుకు నడపండి. అది జవాబు. మీ వంతు, తన వంతు, మీ వంతు.

తరగతిలో నలభై మంది ఉండగా ఒక్కడికి ఇదంతా ఎలా అంటారా? కొంత భాగం అందరికీ చేసేయొచ్చు. పొద్దున నల్లబల్ల ఎడమ పక్కన రోజు వరస బొమ్మల్లో గీయండి: చేతులు జోడించిన మనిషి ప్రేయరు, అంకెలు లెక్కలు, బంతి ఆటలు, కంచం అన్నం, సంచి ఇల్లు. ఒక్కోటి అయ్యాక ఒక్కోటి తుడిచేయండి. రెండు నిమిషాల పని, ఒకటో తరగతి పిల్లలందరికీ పనికొస్తుంది. ఆటిజం ఉన్న బిడ్డకు మాత్రం అది ఊపిరి. తర్వాత ఏమొస్తుందో తెలియకపోవడమే వాళ్ల భయాల్లో పెద్దది. ఇన్‌స్పెక్షనుకు ఎవరైనా వస్తున్నా, వినాయక చవితికి బడి పక్కనే మైకు పెడుతున్నా ముందురోజే బొమ్మ వేసి చూపించండి. ఇక విడిగా ఆ బిడ్డకు రోజూ పది నిమిషాలు. గంట కొట్టకముందో, ఇంటర్వెల్లోనో. వారానికి ఒకరోజు గంటసేపు కూర్చోవడం కన్నా రోజూ పది నిమిషాలు నూరుపాళ్లు మేలు.

రాయిలా బిగుసుకుపోయి పని మారనని మొండికేసే పూట, పలకను నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమ పక్క ఇప్పుడు చేయాల్సింది, కుడి పక్క తర్వాత దొరికేది. ముందు చెయ్యి కడుక్కోవడం, తర్వాత ఉయ్యాల. అలా గీశాక కుడి పక్కదాన్ని తప్పకుండా ఇవ్వాలి. ఒక్కసారి తప్పితే బొమ్మ అబద్ధమని బిడ్డ నేర్చుకుంటాడు, తర్వాత దాన్ని నమ్మించడం చాలా కష్టం.

నొప్పి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మాట లేని పిల్లల ఒంట్లో బాధను మనం ప్రవర్తన అనుకుంటాం. తొమ్మిదేళ్ల అమ్మాయి ఒకతె వారం రోజులుగా పక్కవాళ్లను గిల్లుతోంది, అన్నం ముట్టడం లేదు. "అల్లరి పెరిగింది" అనే అందరూ అనుకున్నాం. పెద్ద డ్రాయింగు షీటు నేల మీద పరిచి ఆ పిల్లను పడుకోమని, చుట్టూ గీత గీశాను. లేచి చూసుకుని నవ్వింది, తన బొమ్మ కదా. నేను నా మోకాలి మీది దెబ్బ చూపించి, కాగితం మీది మోకాలి దగ్గర ఎర్ర చుక్క పెట్టి "నొప్పి" అన్నాను. క్రేయాను తనకిచ్చాను. ఆ పిల్ల తల పక్కన, చెవి ఉండాల్సిన చోట, ఎర్రగా రుద్దింది. పీహెచ్‌సీలో డాక్టరు గారు చూస్తే చెవిలో చీము. మందులు వాడిన వారానికి గిల్లడం పోయింది. ఈ ఒంటి బొమ్మను నొప్పి లేని రోజుల్లోనే ఆటగా అలవాటు చేసి ఉంచాలి. జ్వరంతో ఉన్న బిడ్డకు కొత్త ఆట నేర్పలేం.

మాటలు వచ్చి, వాక్యాలు కూడా పలికే ఆటిజం పిల్లలకు బొమ్మ అక్కర్లేదనుకోవడం ఇంకో పొరపాటు. వాళ్లకు చిక్కంతా మనుషుల మధ్య జరిగేదాన్ని అర్థం చేసుకోవడంలో ఉంటుంది. అమెరికా మిషిగన్ రాష్ట్రంలో బడి పిల్లలతో పనిచేసిన కారల్ గ్రే 1994లో దీనికొక పద్ధతి రాశారు. జరిగిన గొడవను టీచరూ బిడ్డా కలిసి కామిక్ పుస్తకంలా గీయడం. మాటకు ఒక బుడగ, మనసులో అనుకున్నదానికి మబ్బు లాంటి ఇంకో బుడగ, కోపానికీ భయానికీ సంతోషానికీ తలో రంగు.

మా మండలంలోని ఒక బడిలో అన్నం లైన్లో కొట్లాట జరిగింది. నాలుగో తరగతి బాబు ముందున్నవాడి చెయ్యి కొరికాడు. ఆటిజం ఉన్నవాడిదే తప్పని అందరూ తేల్చేశారు. సాయంత్రం వాడితో కూర్చుని గీశాను. "నువ్వెక్కడున్నావు?" ఒక మనిషి. "ఇంకెవరున్నారు?" ఇంకో ముగ్గురు. "ఏమైంది?" ముందున్నవాడు వెనక్కి వచ్చి తనకు తగిలినట్టు గీశాడు. "వాడు మనసులో ఏమనుకున్నాడు?" అని మబ్బు గీసి ఇచ్చాను. అందులో "వీణ్ణి తోసెయ్యాలి" అని ఎర్రగా రాశాడు. తన మబ్బులో? చాలాసేపు ఆలోచించి నల్ల రంగుతో గిన్నె గీశాడు, వేడి గిన్నె. తను కాలిపోతానని భయపడ్డాడు. మేమెవరమూ ఆ సంగతి అడగనేలేదు. అప్పుడు నేను లైనుకు ముందున్న నాలుగో మనిషిని గీసి, వాడు తోస్తే అందరూ ఒకరి మీద ఒకరు పడ్డట్టు బాణాలు వేశాను. వాడు బాణాల వెంట వేలు పోనిచ్చి, "అయితే నా ముందువాడు తోయలేదు" అన్నాడు.

నేను అక్కడితో ఆపలేదు. ఆ కాగితాన్ని మర్నాడు కాటుపడిన అబ్బాయికీ, క్లాసు టీచరుకూ చూపించాను, వాడి అనుమతి అడిగే. వేడి గిన్నె సంగతి వాళ్లకు తెలియాలి కదా. డామియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పండితుడు, తానూ ఆటిజం ఉన్న మనిషే, 2012లో ఒక మాట అన్నారు. అర్థం చేసుకోలేకపోవడం ఆటిజం ఉన్నవారి వైపు మాత్రమే లేదు, అవతలి వైపూ అంతే ఉంది. మబ్బు బుడగలు బిడ్డకు మాత్రమే పాఠం అనుకుంటే ఆ పద్ధతి సగమే వాడినట్టు.

బొమ్మలో లేని అర్థాలు తవ్వడం కూడా ప్రమాదమే. నల్ల రంగు వాడితే దిగులు, పెద్ద పళ్లు గీస్తే కోపం అని చెప్పేవాళ్లు దొరుకుతారు. చాలాసార్లు ఆ డబ్బాలో మొన ఉన్న క్రేయాను నల్లదొక్కటే. బస్సు కిటికీ సంగతి కూడా వాళ్లమ్మ చెప్పబట్టీ, తేదీలు సరిపోబట్టీ నమ్మాను, నా ఊహతో కాదు. అందుకని ప్రతి బొమ్మ వెనకా తేదీ, టైము, గీయకముందు ఏమైంది, గీశాక ఏం చేశాడు అన్నవి నాలుగు ముక్కలు రాయండి. పలకైతే ఫొటో తీయండి. నెలకోసారి ఇంటివాళ్లతో కలిసి తిరగేయండి. బొమ్మల్లో ఎవరో బిడ్డను బాధపెడుతున్న జాడ కనిపిస్తే మాత్రం "వాడేనా? ఇక్కడ తాకాడా?" అని అడుగుతూ మీరు గీయకండి, గీయించకండి. మీ ప్రశ్నలు బిడ్డ చెప్పబోయేదాన్ని మార్చేస్తాయి. బొమ్మను ఉన్నదున్నట్టు దాచి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకు గానీ చెప్పండి. లైంగిక వేధింపు అనుమానం వస్తే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం తప్పనిసరి.

ప్రతి తల్లీ తండ్రీ అడిగే ప్రశ్న, "బొమ్మలకు అలవాటు పడితే ఇక నోరు విప్పడేమో?" ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకండి, వాళ్లు ఆ ఒక్క పిలుపు కోసం ఏళ్లుగా చూస్తున్నారు. జవాబు మాత్రం స్పష్టంగానే ఉంది. బొమ్మలు, సైగలు, పరికరాల లాంటి సాయాలు వాడినప్పుడు మాట ఏమవుతుందని పాత అధ్యయనాలన్నీ పరిశీలించి 2006లో ఒక సమీక్ష ప్రచురించారు. నమ్మదగినవని తేల్చిన అధ్యయనాల్లోని 27 మందిలో 89 శాతానికి మాట పెరిగింది, మిగిలిన 11 శాతానికి మార్పు లేదు. తగ్గినవారు ఒక్కరూ లేరు. పెరుగుదల చాలామందిలో కొద్దిగానే అన్నది కూడా తల్లిదండ్రులకు చెప్పండి. నేను చెబుతాను, ఎందుకంటే రెండు మాటలు ఆశ చూపి మూడేళ్ల తర్వాత వాళ్ల ముఖం చూడలేం.

బొమ్మ ఒక్కటే అన్నీ చేస్తుందనీ అనుకోకండి. స్పీచ్ థెరపీ కావాలి, వినికిడి పరీక్ష కావాలి. మీకు అనుమానం ఉన్నా ఆటిజం అని మీరు పేరు పెట్టకండి, అది మన పని కాదు. అంగన్‌వాడీలోనూ బడిలోనూ ఆరోగ్య తనిఖీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే బృందానికి చూపించి, జిల్లాలోని డీఈఐసీకి, అంటే పిల్లల లోపాలను ముందే గుర్తించి సాయపడే కేంద్రానికి, పంపించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ, అంటే పాతవాళ్లు నిమ్‌హెచ్ అనే సంస్థ, 1984 నుంచి ఈ పనిలోనే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. దివ్యాంగుల గుర్తింపు కార్డు యూడీఐడీకి దరఖాస్తు చేశారా అని ఇంటివాళ్లను ఒకటికి రెండుసార్లు అడగండి, చాలామందికి ఆ సంగతే తెలియదు.

ఉద్యోగం చేసే అమ్మానాన్నలకు ఒక్క మాట. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాక మీ రోజును మీరే గీయండి. మీరెక్కిన బస్సు, మీ ఆఫీసు బల్ల, టిఫిన్ డబ్బా. మూడు బొమ్మలు చాలు. "ఏం చేశావురా ఇవాళ బడిలో?" అని రోజూ అడిగి జవాబు రాక అలసిపోవడం కన్నా, మీ కబురు మీరు ముందు చెప్పండి. నాలుగో గడి ఖాళీగా వదిలి బలపం పక్కన పెట్టండి. కొన్ని వారాలు అది ఖాళీగానే ఉంటుంది. ఉండనివ్వండి. మా సెంటరు పిల్లల్లో ఒకరింట్లో ఆ నాలుగో గడిలో మొదటి గీత పడింది నలభై మూడో రోజున. అది గుడ్డు. బడిలో ఆ రోజు అన్నంలో గుడ్డు పెట్టారు.

ఏడాది చివర తప్పక చేయాల్సిన పని ఒకటుంది, చాలామంది వదిలేస్తారు. పై తరగతికి వెళ్లాక కొత్త టీచరుకు ఈ బొమ్మల భాష రాదు. బిడ్డ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, మళ్లీ నక్షత్రాలు వేయించుకోవాలి. అందుకని ఒక రఫ్ నోట్సులో ఆ బిడ్డ వాడే గుర్తులన్నీ తనే గీసినవి కత్తిరించి అంటించి, పక్కన అర్థం రాసి, జూన్‌లో బడి తెరవగానే కొత్త టీచరు చేతికి ఇవ్వండి. బస్సు బాబు నోట్సు మొదటి పేజీలో నేను రాసింది ఇది:

రెండు గీతల మధ్య చుక్క అంటే బాత్రూముకు పోవాలి. వెంటనే పంపండి.

పలకంతా అడ్డగీతలు గీస్తే చప్పుడు ఎక్కువైందని. కిటికీ పక్కకు మార్చండి.

గుండ్రటి చక్రంలో చిన్న చక్రం అంటే మజ్జిగ, నీళ్లు కాదు.

బస్సు మూడో కిటికీలో సున్నా ఉంటే ఆ కిటికీ మీద మీరూ వేలు పెట్టండి, సంతోషిస్తాడు. సున్నా లేకపోతే మంచినీళ్లు ఇచ్చి, పావుగంట ఎవరూ పలకరించకుండా చూడండి. తర్వాత సీట్ల మధ్యన నిలబడ్డ మనిషిని గీసి చూపించండి.